ఒక్క కథతో మొదలుపెట్టి కాస్‌ప్లే దాకా: ఫ్యాండమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వన్ పీస్ అనే యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) 1999లో మొదలైంది, ఎపిసోడ్లు 1,100 దాటాయి. సూపర్‌మ్యాన్ మొదటిసారి కామిక్‌లో కనిపించింది 1938లో. పోకెమాన్ గేమ్స్ 1996 నుంచి వస్తూనే ఉన్నాయి. స్నేహితులు వీటి గురించి గంటల తరబడి మాట్లాడుకుంటుంటే, పక్కన కూర్చుని వినే కొత్తవాళ్లకు ముందుగా వచ్చే ఆలోచన ఒకటే: ఇదంతా నేనెప్పుడు చూస్తాను? ఆ టెన్షన్‌తోనే చాలామంది గుమ్మం దగ్గర ఆగిపోతారు.

అంతా చూడక్కర్లేదు. ఏళ్ల తరబడి ఈ ఫ్యాండమ్‌లో, అంటే అభిమానుల లోకంలో, ఉన్నవాళ్లు కూడా అన్నీ చూసినవాళ్లేం కారు. వాళ్లకు ఏదో ఒక కథ లోతుగా తెలుసు, అది ఎలా తయారైందో తెలుసు, ఆ ఇష్టంతో తమ చేత్తో ఏదో ఒకటి చేసి ఉంటారు. ఈ మార్గదర్శి కూడా అదే దారిలో నడుస్తుంది. ముందు ఒక కథ పట్టుకుందాం, దాన్ని సరైన వరుసలో చూద్దాం, దాని వెనుక ఎవరెవరి చేతులున్నాయో తెలుసుకుందాం. ఆ తర్వాత మీ చేత్తో ఒక వస్తువు చేసి, అది తొడుక్కుని నలుగురిలోకి వెళ్దురుగాని. ఇలా ఇష్టమైన పాత్రలా వేషం వేయడమే కాస్‌ప్లే.

మొదటి అడుగు: పొట్టిగా ఉండి, ముగిసిపోయిన కథ

మొదటి కథకు నేను చూసే లక్షణాలు రెండే. పొట్టిగా ఉండాలి, ముగిసిపోయి ఉండాలి. జపాన్ టీవీలో కొత్త యానిమేలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో మొదలవుతాయి. ఒక్కో విడత సాధారణంగా 12 లేదా 13 ఎపిసోడ్లు. ఒక విడతలోనో రెండు మూడు విడతల్లోనో పూర్తయిన కథలు బోలెడున్నాయి. కౌబాయ్ బీబాప్ 26 ఎపిసోడ్లు, డెత్ నోట్ 37. కామిక్స్ అయితే ఒకే సంపుటంలో మొదలై అందులోనే ముగిసే కథ, గేమ్ అయితే పది గంటల్లో పూర్తయ్యేది చూసుకోండి.

ముగిసిపోయిన కథే ఎందుకంటే, ఇంకా నడుస్తున్న కథ చుట్టూ ప్రతి వారం కొత్త వాదనలు, ఊహాగానాలు, స్పాయిలర్లు (కథలో జరగబోయేది ముందే చెప్పేసే మాటలు). వాటి మధ్య మీ అభిప్రాయం మీకు ఏర్పడే లోపే పదిమంది అభిప్రాయాలు నెత్తిమీద పడతాయి. ముగిసిన కథతో ఆ హడావుడి ఉండదు, మీ తీరిక మీది.

ఏది చూడాలో ఎవరినైనా అడిగేటప్పుడు "బెస్ట్ ఏది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరైనా తమకు నచ్చిందే చెబుతారు. "నాకు ఫలానా సినిమాలో అన్నదమ్ముల మధ్య నడిచిన గొడవ నచ్చింది, అలాంటిది ఏముంది?" అని అడగండి. మంచి అభిమాని ఆ ప్రశ్న వినగానే రెండు నిమిషాలు ఆలోచిస్తాడు. ఆ తర్వాత చెప్పే పేరు మీకు పనికొస్తుంది.

షోనెన్, షోజో, సైనెన్, జోసెయ్ అనే మాటలు మీకు ఎలాగూ ఎదురవుతాయి. ఇవి కథల రకాలు అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ మాంగా (జపాన్ కామిక్) వచ్చిన పత్రిక ఎవరిని ఉద్దేశించి నడుస్తుందో చెప్పే మాటలివి: వరుసగా అబ్బాయిలు, అమ్మాయిలు, వయసొచ్చిన మగవాళ్లు, ఆడవాళ్లు. షోనెన్‌లో కన్నీళ్లు పెట్టించే కథలున్నాయి, సైనెన్‌లో హాయిగా నవ్వించేవీ ఉన్నాయి. కాబట్టి ఆ మాట చూసి కథను అంచనా వేయొద్దు. వయసు రేటింగ్ మాత్రం తప్పకుండా చూడండి. గీసిన బొమ్మలన్నీ పిల్లల కోసమే అనుకుని చిన్న తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇబ్బందిపడేది మీరే.

నచ్చకపోతే? 12 ఎపిసోడ్ల కథకు మూడు ఎపిసోడ్లు సమయం ఇవ్వండి. అప్పటికీ మనసు పట్టకపోతే ఆపేయండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

రెండో అడుగు: వరుస తెలుసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కథ మంచిదే, కానీ తప్పు చోట మొదలుపెట్టి "నాకేం అర్థం కాలేదు" అని వదిలేస్తారు.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ సంగతి చూడండి. హిరోము అరకావా ఆ మాంగాను 2001లో మొదలుపెట్టి 2010లో ముగించారు, మొత్తం 27 సంపుటాలు. 2003లో మొదటి యానిమే వచ్చేనాటికి మాంగా ఇంకా నడుస్తోంది. అందువల్ల 51 ఎపిసోడ్ల ఆ సిరీస్ మధ్యలో సొంత దారి పట్టి వేరే ముగింపుకు చేరింది. 2009లో వచ్చిన బ్రదర్‌హుడ్ మళ్లీ మొదటి నుంచి కథ ఎత్తుకుని, 64 ఎపిసోడ్లలో మాంగా ముగింపు దాకా వెళ్లింది. రెండోది మొదటిదానికి కొనసాగింపు అనుకుని చూస్తే, చనిపోయినవాళ్లు మళ్లీ తిరుగుతూ కనిపించి బుర్ర తిరిగిపోతుంది. రెండిట్లో ఏదో ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడండి. రెండూ చూసే ఓపిక ఉంటే 2003 నాటిదే ముందు చూడమంటాను. అప్పుడు ఒకే విత్తనం నుంచి రెండు చెట్లు ఎలా పెరిగాయో తెలుస్తుంది.

డీమన్ స్లేయర్‌ది ఇంకో రకం చిక్కు. 2019 నాటి మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు. ఆ తర్వాతి కథ 2020లో ముగెన్ ట్రైన్ సినిమాగా వచ్చింది. సినిమా అంటే విడిగా చూసుకోవచ్చులే అని దాటేసి రెండో సీజన్‌కు వెళ్తే, పాత్రలు ఎవరి కోసం ఏడుస్తున్నాయో అర్థం కాదు. అదే భాగాన్ని తర్వాత టీవీ కోసం ఏడు ఎపిసోడ్లుగా కూడా ఇచ్చారు. సినిమా చూసినా సరే, ఆ ఏడు చూసినా సరే.

ఇక ఫిల్లర్. వారపత్రికల్లో మాంగా వారానికి ఒక్క అధ్యాయం వస్తుంది. యానిమే కూడా వారం వారం నడుస్తుంటే త్వరలోనే మాంగాను అందుకుంటుంది. అప్పుడు మాంగాలో లేని చిన్న కథలు కల్పించి సమయం గడుపుతారు, అదే ఫిల్లర్. నరుటోలో మొదటి సిరీస్ 220, షిప్పుడెన్ 500 ఎపిసోడ్లు. వాటిలో ఫిల్లర్ చాలానే ఉంది. ఏ ఎపిసోడ్లు ఫిల్లరో చెప్పే జాబితాలు అభిమానులు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. మొదటిసారి వాటిని దాటేయండి. పాత్రల మీద ప్రేమ పుట్టాక వెనక్కి వెళ్లి చూస్తే అప్పుడు బాగుంటాయి.

అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో ఒకే పాత్రను దశాబ్దాలుగా పదుల మంది రచయితలు రాస్తూ వస్తున్నారు. పైగా సంచికల సంఖ్య మధ్యమధ్యలో మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. 2011లో డీసీ సంస్థ ఒకేసారి 52 సిరీస్‌లను 1వ సంచికతో మొదలుపెట్టింది. కాబట్టి సంఖ్యను నమ్ముకోవద్దు. స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1962 సంచిక నుంచి వరుసగా చదవాలనే పట్టుదల కూడా వద్దు, సగంలోనే అలసిపోతారు. ఒక రచయితను పట్టుకోండి. ఆ రచయిత ఆ పాత్రతో రాసిన ఒక పూర్తి కథ సంపుటంగా దొరుకుతుంది, సాధారణంగా ఐదారు సంచికలు కలిపి. అది చదవండి. మధ్యలో తెలియని పాత్ర ఎదురైతే పక్కన పేరు రాసుకుని ముందుకు సాగిపోండి. చిన్నప్పుడు భారతం విన్నప్పుడు మనకు ముందే అందరి వంశవృక్షాలూ తెలిసి వినలేదు కదా.

సినిమాల విషయంలో నా మాట ఒక్కటే: విడుదలైన వరుసలోనే చూడండి. కథాకాలం ప్రకారం అమర్చిన వరుసలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ తీసినవాళ్లు "ప్రేక్షకుడికి ఇంతవరకు తెలుసు" అనుకుని తీసింది విడుదల వరుసలోనే. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా, ప్రధాన సినిమాల్లో కథాకాలం లెక్కన నాలుగోది. ముందు జరిగిన కథలు ముందే చూసేస్తే, తర్వాతి సినిమాలో గుండె ఝల్లుమనిపించాల్సిన రహస్యం చప్పబడిపోతుంది.

గేమ్స్‌లో సంఖ్యలు ఒక్కో చోట ఒక్కో అర్థం. 1987లో మొదలైన ఫైనల్ ఫ్యాంటసీలో సంఖ్య ఉన్న ప్రధాన గేమ్స్ దాదాపు అన్నీ వేర్వేరు లోకాలు, వేర్వేరు కథలు, ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. ద లాస్ట్ ఆఫ్ అజ్ రెండో భాగం మాత్రం 2013 నాటి మొదటి భాగం ఆడకుండా ముట్టుకోకూడదు. ద విచర్ గేమ్స్‌కు మూలం ఆండ్జెయ్ సప్కోవ్‌స్కీ నవలలు. గేమ్స్ కథ ఆ నవలల తర్వాత జరుగుతుంది. ఇలాంటివి మొదలుపెట్టే ముందు పది నిమిషాలు వెతికి, వరుసను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం చాలా గంటలు మిగుల్చుతుంది.

మూడో అడుగు: పేజీని చదవడం, కదలికను చూడటం

జపాన్ మాంగా పుస్తకం మనం వెనుక అట్ట అనుకునే వైపు నుంచి తెరుచుకుంటుంది. పేజీలో పైన కుడి మూల గడితో (ఒక్కో బొమ్మ ఉన్న చట్రం) మొదలై ఎడమకు, ఆ తర్వాత కిందికి. మాటల బుడగలు కూడా కుడి నుంచి ఎడమకే. మొదటి ఇరవై పేజీలు కన్ను మొరాయిస్తుంది, ప్రశ్న కంటే ముందు జవాబు చదివేస్తుంటాం. కంగారు పడొద్దు. ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి అలవాటు పడిపోతుంది.

అలవాటు పడ్డాక ఒక పేజీని తీరిగ్గా చూడండి. పై వరుసలో మూడు చిన్న గడులు ఉన్నాయనుకుందాం: వణుకుతున్న చెయ్యి, తలుపు గడియ, వెడల్పైన కన్ను. కింద సగం పేజీ అంతా ఒకే గడి: తెరుచుకున్న తలుపు, ఒక్క మాట లేదు. చిన్న గడులు మూడూ గుండె చప్పుడులా టక టకా గడిచిపోతాయి. పెద్ద గడి దగ్గర కన్ను ఆగిపోతుంది. కాలం కదలడం కూడా అక్కడ ఆగుతుంది. గడి పరిమాణంతోనే కళాకారుడు మనం ఊపిరి ఎంతసేపు బిగపట్టాలో నిర్ణయిస్తాడు. ఇంకో సంగతి: తెరిచిన రెండు పేజీల్లో చివరి గడి ఎడమ పేజీ కింది మూలలో ఉంటుంది. చాలాసార్లు అక్కడ ఒక ప్రశ్నో, ఎవరో వెనక్కి తిరిగి చూడటమో ఉంటుంది. పేజీ తిప్పితే గానీ ఏం చూశారో తెలియదు. ఇది గమనించడం మొదలుపెట్టాక మీరు ఇదివరకటి పాఠకుడిలా చదవలేరు.

శబ్దాలను బొమ్మల్లో భాగంగా గీయడం మాంగాకు పెట్టిందిపేరు. జపనీస్‌లో నిశ్శబ్దానికి కూడా ఒక ధ్వని మాట ఉంది, "షీన్" అని. ఖాళీ గదిలో ఆ అక్షరాలు గాల్లో తేలుతూ ఉంటాయి. దభేల్, గలగల, చిటపట, సలసల అంటూ ప్రతి చప్పుడుకూ ఒక మాట ఉన్న భాషవాళ్లం కాబట్టి ఇది మనకు తొందరగా పట్టుబడుతుంది.

కొరియా వెబ్‌టూన్లు ఫోన్‌లో కిందికి జరుపుతూ చదివేవి. అక్కడ గడుల మధ్య వదిలిన ఖాళీయే కాలం. పొడవైన ఖాళీ కనిపిస్తే ఏదో జరగబోతోందని వేలికి తెలిసిపోతుంది.

యానిమే చూసేటప్పుడు అప్పుడప్పుడు ఆపి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరపండి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడిచినా, గీసిన బొమ్మలు తరచు 12 లేదా 8 మాత్రమే ఉంటాయి. ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. 1963లో ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్‌ను వారం వారం టీవీకి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇలాంటి పొదుపులతోనే గట్టెక్కారు. ఆ పొదుపు కాలక్రమేణా ఒక అందంగా మారింది. 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్‌లో అడవిలో పరుగెత్తే సన్నివేశం చూడండి. అప్పుడే నేర్చుకుంటున్న మైల్స్‌ను సెకనుకు 12 బొమ్మలతో, చెయ్యి తిరిగిన పీటర్‌ను 24తో కదిలించారు. ఒకరు తడబడుతున్నట్టు, ఇంకొకరు అలవోకగా సాగుతున్నట్టు అనిపించడానికి కారణం అదే.

నాలుగో అడుగు: వెనుక ఉన్న చేతులు

ముగింపు పాట రాగానే తర్వాతి ఎపిసోడ్‌కు దూకే అలవాటు మానుకోండి. వారానికి ఒక్కసారైనా పేర్లన్నీ చదవండి. యానిమేలో స్టోరీబోర్డ్‌ను, అంటే సన్నివేశాలను ముందుగా బొమ్మల్లో వేసుకున్న ప్రణాళికను, ఎకోంటే అంటారు, ముఖ్యమైన భంగిమలు గీసినవాళ్ల పని గెంగా, వాటి మధ్య కదలికలు నింపేవాళ్ల పని దోగా. మీకు బాగా నచ్చిన పోరాటం ఉన్న ఎపిసోడ్‌లో గెంగా పేర్లు రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత వేరే సిరీస్‌లో అదే పేరు కనిపిస్తుంది, చూస్తే అక్కడా అదే ఊపు. అలా ఒక కథ నుంచి ఇంకో కథకు దారి దొరుకుతుంది. ఏ సిఫార్సు జాబితా కంటే ఇది నమ్మకమైన దారి.

కామిక్స్‌లో రచయిత, పెన్సిల్ గీసేవాళ్లు, ఇంక్ వేసేవాళ్లు, రంగులు నింపేవాళ్లు, అక్షరాలు రాసేవాళ్లు అందరూ వేర్వేరు. పేర్లు ఎందుకు ముఖ్యమో బ్యాట్‌మ్యాన్ చరిత్రే చెబుతుంది. 1939లో ఆ పాత్ర పుట్టినప్పుడు బాబ్ కేన్‌తో పాటు బిల్ ఫింగర్ అనే రచయిత పనిచేశాడు. ముసుగు, కేప్, కథల తీరులో అతని చెయ్యి పెద్దది. కానీ దశాబ్దాల పాటు సృష్టికర్తగా అచ్చయింది కేన్ పేరు ఒక్కటే. ఫింగర్ 1974లో చనిపోయాడు. అతని పేరు అధికారికంగా పక్కన చేరింది 2015లో. ఆ 76 ఏళ్లలో వాస్తవాన్ని పదేపదే గుర్తుచేసినవాళ్లలో అభిమానులు ఉన్నారు. అభిమానం చేయగలిగిన గొప్ప పనుల్లో ఇదొకటని నా నమ్మకం.

ఆ చేతులకు న్యాయం జరగాలంటే అధికారికంగా దొరికే చోట చూడాలి, చదవాలి. డబ్బులు లేవనే ఇబ్బంది నిజమే. కానీ ఉచితంగా, న్యాయంగా దొరికే దారులూ ఉన్నాయి. 2019లో షుయేషా సంస్థ మొదలుపెట్టిన మాంగా ప్లస్‌లో చాలా సిరీస్‌లకు మొదటి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు ఉచితం. లైబ్రరీల్లో అడిగి చూడండి. మీరు అడిగితేనే వాళ్లు తెప్పిస్తారు.

ఐదో అడుగు: తోటి అభిమానులతో

స్పాయిలర్ చెప్పే ముందు "ఎంతవరకు చూశావు?" అని అడగండి, చాలు. పాత్ర నచ్చకపోతే పాత్రనే విమర్శించండి, అది నచ్చిన మనిషిని కాదు. ఎవరైనా "ఇది తెలియదా, నువ్వేం అభిమానివి?" అని పరీక్ష పెడితే ఆ సంభాషణ నుంచి లేచి వచ్చేయండి. అసలైన అభిమానికి కొత్తవాళ్లు దొరికితే సంబరం, మొదటిసారి చూసే కళ్లతో తనూ మళ్లీ చూడొచ్చని. ఆన్‌లైన్ గ్రూపుల్లో అసలు పేరు, చదివే చోటు, ఇంటి ఫొటోలు పెట్టకండి. మీరు మైనర్ అయితే, మాటలు విడిగా మెసేజ్‌లలోకి లాగే పెద్దవాళ్లకు దూరంగా ఉండండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఆరో అడుగు: మీ చేత్తో ఒకటి

1967లో స్టార్ ట్రెక్ అభిమానులు స్పాకనేలియా అనే పత్రికను సొంతంగా తయారుచేసి పంచుకున్నారు. 1975 డిసెంబర్ 21న టోక్యోలో మొదటి కామికెట్ జరిగింది. 32 బృందాలు తాము చేసిన పుస్తకాలు తెచ్చాయి, 700 మంది దాకా వచ్చారు. ఇప్పుడది లక్షల మంది వచ్చే సంత. అభిమానులే నడిపే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ (అభిమానులు రాసే కథల) భాండాగారానికి 2019లో సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. ఇవన్నీ "నేనూ ఒకటి చేస్తాను" అనుకున్నవాళ్ల వల్ల జరిగినవే.

రాయడం ఇష్టమైతే కథలో చూపించకుండా దాటేసిన ఒక సన్నివేశాన్ని 500 మాటల్లో రాయండి. గీయడం ఇష్టమైతే ఒకే పాత్రను పది కోణాల్లో గీయండి. నేర్చుకోవడానికి ఇంకొకరి బొమ్మ మీద కాగితం పెట్టి దిద్దడం తప్పు కాదు, దాన్ని సొంత బొమ్మగా చూపించడం తప్పు. ఇక్కడ మాత్రం కాస్‌ప్లే గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది భయపడేది దానికే.

1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ ఆకర్‌మాన్, మొరోజో అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల వేషంలో వచ్చారు. ఆ బట్టలు కుట్టింది మొరోజో. కాస్‌ప్లే అనే మాట పుట్టింది మాత్రం 1980ల్లో, జపాన్‌లో.

మొదటిసారే పూర్తి కవచం చేయాలని పెట్టుకోవద్దు. ఒక జత ముంజేతి కవచాలు చేయండి. కొలత, కోత, వంపు, అతుకు, రంగు అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. కావలసినవి: 5 మి.మీ., 2 మి.మీ. మందం ఈవీఏ ఫోమ్ (మెత్తటి ప్లాస్టిక్ స్పాంజి లాంటిది) షీట్లు, కాంటాక్ట్ సిమెంట్ జిగురు, కొత్త బ్లేడ్లు, హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం), అక్రిలిక్ రంగులు, క్లింగ్ ఫిల్మ్ (ఆహారం చుట్టే పలుచని ప్లాస్టిక్), కాగితపు టేపు, వెల్‌క్రో.

ముందు పాత్ర బొమ్మలు ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి సేకరించండి. యానిమేలో ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కోలా గీస్తారు కాబట్టి ఒకటి ఖాయం చేసుకోండి.

కొలతకు, ముంజేతికి వదులుగా క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దాని మీద కాగితపు టేపు అతికించండి. మార్కర్‌తో కవచం అంచులు గీయండి, అతుకు వచ్చే గీతకు అడ్డంగా మూడు నాలుగు చిన్న గుర్తులు పెట్టండి. తర్వాత వేరేవాళ్లతో, మొద్దు మొన ఉన్న కత్తెరతో ఆ గీత వెంట కత్తిరించి తీయించుకోండి. అది బల్లపరుపుగా పరిస్తే అదే మీ నమూనా. దాన్ని కాగితం మీదికి ఎక్కించేటప్పుడు వెడల్పు ఒకటిన్నర నుంచి 2 సెం.మీ. పెంచండి. ఫోమ్‌కు మందం ఉంటుంది కాబట్టి చుట్టినప్పుడు లోపల చోటు తగ్గిపోతుంది. చాలామంది మొదటి కవచం చేతికి పట్టకపోవడానికి కారణం ఇదే. రెండో చేతికి నమూనాను తిరగేసి గీయాలి, లేకపోతే రెండు ఎడమ చేతులు తయారవుతాయి.

కోసేటప్పుడు బ్లేడ్ నిటారుగా పట్టుకుని, ఒకే చోట రెండు మూడుసార్లు తేలిగ్గా లాగండి. ఫోమ్ బ్లేడ్‌ను త్వరగా మొండిచేస్తుంది. అంచు చిరిగినట్టు వస్తోందంటే బ్లేడ్ మార్చే సమయం వచ్చింది. మరో చెయ్యి బ్లేడ్ దారిలో ఎప్పుడూ ఉండకూడదు.

అతికించే ముందే వంచాలి. హీట్ గన్‌ను ఆడిస్తూ వేడి చేస్తే ఫోమ్ పైభాగం కొద్దిగా మెరుపు తేలుతుంది. అప్పుడు ఒక సీసా మీద చుట్టి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు నిలిచిపోతుంది. గీతల నగిషీ కావాలంటే బ్లేడ్‌తో సగం లోతు గీసి వేడి చూపించండి, గాటు తనంతట తానే విచ్చుకుని గాడిలా తెరుచుకుంటుంది. మొదటిసారి అది తెరుచుకోవడం చూసినప్పుడు కలిగే ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది.

జిగురు దగ్గర తొందరపడొద్దు. కాంటాక్ట్ సిమెంట్‌ను రెండు అంచులకూ పలుచగా రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటుకోకూడదు. అప్పుడు గుర్తులు కలిపి గట్టిగా నొక్కాలి. ఒకసారి అంటుకుంటే సర్దడానికి వీలుండదు కాబట్టి ముందు రెండు కొసలు కలిపి, తర్వాత మధ్యకు రండి. నా మొదటి జతకు నేను తడి మీదే అతికించేశాను. ఇంట్లో బాగానే ఉంది. ఈవెంట్‌లో రెండు గంటలు గడిచాక, చేతి వేడికి ఎడమ అతుకు మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా విడిపోయింది. మిగతా సాయంత్రమంతా ఆ చేతిని ఒంటికి నొక్కి పట్టుకునే తిరిగాను. ఆ రోజు నుంచి గడియారం చూడకుండా జిగురు ముట్టుకోలేదు.

ఈ జిగురు ఆవిరి మంచిది కాదు, మంట అంటుకునేది కూడా. కిటికీలు తెరిచి, దగ్గరలో పొయ్యి గానీ దీపం గానీ లేకుండా చూసుకుని, రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకోండి. గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు. చిన్నవాళ్లయితే ఈ పని పెద్దవాళ్ల ముందే చేయాలి.

2 మి.మీ. ఫోమ్‌తో అంచులు, బొత్తాలు కోసి పైన అతికించాక, మొత్తం మీద ఇంకోసారి వేడి ఆడించండి, సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి. తర్వాత నీళ్లు కలిపిన తెల్ల జిగురు మూడు నాలుగు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. ఇది లేకపోతే రంగును ఫోమ్ పీల్చేస్తుంది. ఆ పైన అసలు రంగు. అది ఆరాక నీళ్లలా పలుచన చేసిన నలుపు పూసి వెంటనే గుడ్డతో తుడిస్తే, నలుపు గాడుల్లో మాత్రమే మిగులుతుంది. చివరగా దాదాపు ఎండిపోయిన కుంచెతో వెండి రంగును అంచుల మీద మాత్రమే రుద్దండి. అప్పటిదాకా ఆటబొమ్మలా ఉన్నది ఒక్కసారిగా లోహంలా, ఎన్నో యుద్ధాలు చూసినట్టు కనిపిస్తుంది.

లోపల వెల్‌క్రో పెట్టి ఇంట్లో గంటసేపు వేసుకుని తిరగండి. మోచెయ్యి వంగాలి, సీసా మూత తీయగలగాలి, ఫోన్ వాడగలగాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో ఆ గంటలోనే తెలుస్తుంది.

ఏడో అడుగు: కామిక్ కాన్ రోజు

1970లో శాన్ డియాగోలో 300 మందితో మొదలైన కామిక్ కాన్ (కామిక్స్ అభిమానుల సమావేశం)కు ఇప్పుడు లక్ష మందికి పైగా వస్తారు. ఎక్కడి ఈవెంట్‌కు వెళ్లినా ముందు ఆయుధాల నియమాలు చదవండి. పదునున్న లోహపు కత్తులను దాదాపు ఎక్కడా రానివ్వరు, ఫోమ్‌వాటిని కూడా గేటు దగ్గర పరీక్షించి ట్యాగ్ కడతారు.

ఎవరి ఫొటో తీయాలన్నా అడగాలి, ఎవరినీ, వాళ్ల వేషాన్ని కూడా, అడగకుండా తాకకూడదు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ "కాస్‌ప్లే అంటే అనుమతి కాదు" అని పెద్ద బోర్డులు పెట్టింది. ఆ మాట ఇప్పుడు అన్ని చోట్లా పాటించాల్సిన మర్యాద. మీకు ఇబ్బంది కలిగితే సిబ్బందికి చెప్పడానికి మొహమాటపడొద్దు.

సంచిలో జిగురు, డబుల్ టేప్, పిన్నీసులు, నీళ్లు, మామూలు చెప్పులు ఉండాలి. కళాకారులు తమ బొమ్మలు అమ్ముకునే ఆర్టిస్ట్ ఆలీకి ఉదయాన్నే వెళ్లండి. అప్పుడు వాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. ఎంత ఖర్చుపెట్టాలో ఇంట్లోనే అనుకుని రండి. కొన్నా కొనకపోయినా, ఒక బొమ్మలో మీకు నచ్చినదేమిటో ఆ గీసినవాళ్లతో చెప్పండి: "ఈ నీడ ఇలా వేశారు, చాలా బాగుంది" అని. రోజంతా బల్ల వెనుక కూర్చున్న మనిషి ముఖం ఎలా వెలిగిపోతుందో చూస్తారు.

ఇంటికి వచ్చాక కవచం లోపలి చెమటను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వంపు పోకుండా లోపల కాగితం ఉండలు కుక్కి, ఎండ తగలని చోట పెట్టండి. ఎండలో నిలిపిన వాహనంలో వదిలేస్తే ఫోమ్ మెత్తబడి వంపు పోతుంది. కాగితపు నమూనాలు పారేయొద్దు. ఒక్కోదాని మీద పాత్ర పేరు, తేదీ, ఏ చెయ్యి, ఎంత మందం ఫోమ్, ఎక్కడ ఒరుసుకుందీ రాసి ఒక కవర్లో దాచండి. తర్వాతి పాత్రకు ఆ కవర్ తెరిస్తే సగం పని ముందే అయిపోయి ఉంటుంది.